తాళం చెవి ఎంతమంది దగ్గర ఉంది?

ఒక ఖగోళ క్లబ్బు వేధశాల ఎలా నడుస్తోందో తెలుసుకోవడానికి నాకు ఒక్క ప్రశ్న చాలు. ఎవరి తోడూ లేకుండా రాత్రిపూట వెళ్ళి, కప్పు తెరిచి, చూడాల్సింది చూసి, అన్నీ సరిగ్గా మూసి రాగలిగేవాళ్ళు మీలో ఎంతమంది? చాలా క్లబ్బుల్లో దీనికి జవాబుగా ఒక్క పేరే వస్తుంది. కాస్త పెద్ద క్లబ్బయితే రెండు. ఆ మనిషికి బదిలీ అయినా, నడుము పట్టేసినా, ఇంట్లో పసిబిడ్డ పుట్టినా వేధశాల మూతపడుతుంది. మొదటి నెల ఎవరికీ పట్టదు. ఆ తర్వాత పట్టాల మీద తుప్పు, మోటారు పెట్టెలో చీమలు, టెలిస్కోపు గొట్టంలో కందిరీగల గూడు. అప్పుడు ఎవరైనా ఉత్సాహంగా వచ్చి తెరుద్దామన్నా, ఏ స్విచ్చు ముందు వేయాలో చెప్పే మనిషి ఉండడు.

మా క్లబ్బు వేధశాల బాగోగులు ఏళ్ళుగా చూస్తున్నాను. ఆ అనుభవంతో ఒక అభిప్రాయం గట్టిపడింది. వేధశాలలో ఏ సామాను ఉండాలి, అది ఎంత జటిలంగా ఉండవచ్చు అన్నది క్లబ్బులో అందరికంటే ఎక్కువ తెలిసిన వ్యక్తి నిర్ణయించకూడదు. తాళం చెవి అందుకున్నవాళ్ళలో అందరికంటే కొత్త సభ్యుడు ఒంటరిగా నడపగలిగినంత వరకే వేధశాల జటిలంగా ఉండాలి. దీంతో మా క్లబ్బులోనే చాలామంది ఒప్పుకోరు. వాళ్ళ వాదనలో బలం ఉంది, దాన్ని దాటవేయను.

ఒక్కరి భుజాల మీద నిలిచిన వేధశాలల కథలు చరిత్రలో ఉన్నాయి. ఐర్లండులోని బిర్ కోటలో లార్డ్ రాస్ 1845లో 72 అంగుళాల టెలిస్కోపు నిలబెట్టారు. ఎం51 గెలాక్సీలోని సుడి ఆకారాన్ని తొలిసారి చూసింది దాంతోనే. దాని అద్దం గాజుది కాదు, రాగి, తగరం కలిపి పోసిన లోహం. గాలి తగిలితే మసకబారేది. అందుకని రెండు అద్దాలు చేయించారు; ఒకటి టెలిస్కోపులో ఉంటే రెండోదానికి మెరుగు పెట్టేవారు. అంత ముందుచూపు ఉన్న ఏర్పాటు కూడా ఆ కుటుంబం ఆసక్తి ఉన్నంతకాలమే నడిచింది. ఆయన తర్వాత కొడుకు కొనసాగించారు, ఆ కొడుకు 1908లో పోయాక టెలిస్కోపును విప్పేశారు. మళ్ళీ పనిచేసే స్థితికి రావడానికి 1990ల దాకా ఆగాల్సివచ్చింది. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో సొంతంగా కట్టుకున్న వేధశాలదీ ఇదే దారి. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని శ్రద్ధగా నడిపారు, 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని పరిశీలించారు. 1892లో ఆయన కూడా పోయారు. ఇవాళ ఆ వేధశాల లేదు.

వీటి పక్కన అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఉన్న స్టెల్లాఫేన్ వేధశాలను పెట్టి చూడండి. 1920లో రస్సెల్ పోర్టర్ స్ప్రింగ్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్ళో కొంతమందిని కూర్చోబెట్టి అద్దం రుద్దడం నేర్పారు. వాళ్ళలో ఎక్కువమంది యంత్ర పరికరాల కర్మాగారంలో పనిచేసేవాళ్ళు. ఎవరి అద్దం వాళ్ళే అరగదీసుకున్నారు, ఎవరి టెలిస్కోపు వాళ్ళే కట్టుకున్నారు, ఆ తర్వాతే క్లబ్బు పెట్టుకున్నారు. 1928లో పాలోమార్ 200 అంగుళాల టెలిస్కోపు పని మీద పోర్టర్ కాలిఫోర్నియా వెళ్ళిపోయారు. క్లబ్బు ఆగలేదు. ఆయన రూపకల్పన చేసిన టరెట్ టెలిస్కోపు 1930లో పూర్తయింది, ఆ కొండ మీద క్లబ్బు ఇప్పటికీ నడుస్తోంది. గురువు వెళ్ళిపోయినా పని తెలిసిన చేతులు మిగిలాయి. నేను అడుగుతున్నది ఇంతే.

అసలు వేధశాలలో ఏమేం పాడవుతాయో బయటివాళ్ళకు తెలియదు. టెలిస్కోపే పాడవుతుందనుకుంటారు. అది అన్నిటికంటే ఆఖర్న పాడవుతుంది. మొదట పాడయ్యేది కప్పు.

పక్కకు జరిగే కప్పయితే చక్రాల బేరింగుల్లోకి దుమ్ము చేరుతుంది, పట్టాలు వానకు వంకర తిరుగుతాయి, ఒకవైపు చక్రం ముందుకీ ఇంకోవైపు వెనక్కీ పడి కప్పు ఇరుక్కుంటుంది. గుండ్రటి డోమయితే తిరిగే వలయం దగ్గర రబ్బరు అరిగి నీరు కారుతుంది. వీటికి ఏ ఖగోళ జ్ఞానమూ అక్కర్లేదు. చీపురు, గ్రీజు డబ్బా, స్పానరు, నెలకో పూట చాలు. కానీ ఈ పని చేసినవాళ్ళ పేరు ఎక్కడా రాదు, ఫొటో తీసినవాళ్ళ పేరు వస్తుంది. కప్పు విషయంలో గుర్తుపెట్టుకోవాల్సిన ప్రమాదాలు రెండు. ఒకటి, టెలిస్కోపు నిటారుగా ఉండగానే కప్పు మూయడం. కప్పు అంచు వచ్చి గొట్టాన్ని కొడితే, టెలిస్కోపును మోసి తిప్పే మౌంటు పళ్ళ చక్రం దాకా దెబ్బ తగులుతుంది. రెండోది, మూసిన కప్పుకు మూలల్లో కొక్కేలు వేయకపోవడం. గాలివానకు తేలిక కప్పు లేచిపోతుంది.

ఆ తర్వాత టెలిస్కోపు నిలిచే కాంక్రీటు దిమ్మ. ఇది నేల లోపలి నుంచి విడిగా పైకి వస్తుంది, చుట్టూ ఉన్న గచ్చుకు తగలకూడదు. మధ్యలో వేలెడు సందు వదిలేది ఎందుకంటే, గచ్చు మీద మనుషులు నడిచినప్పుడు ఆ అదురు టెలిస్కోపుకు చేరకుండా. రెండు వందల రెట్లు పెద్దదిగా చూస్తున్నప్పుడు అదురు కూడా అన్ని రెట్లూ పెద్దదవుతుంది. ఎలుకలు దూరుతున్నాయని ఎవరో మంచి మనసుతో ఆ సందును సిమెంటుతో పూడ్చేస్తారు. ఇక ఆ రోజు నుంచి శనిగ్రహం వణుకుతూనే ఉంటుంది, కారణం ఎవరికీ అంతుపట్టదు. ఆ సందు ఎందుకుందో గోడ మీద రాసి ఉంచితే ఈ కష్టం రాదు.

ఇక అద్దం. కొత్త సభ్యులకు అద్దం మీద దుమ్ము కనబడితే చేతులు ఊరుకోవు. టార్చి వేసి చూస్తే ఎంత శుభ్రమైన అద్దమైనా భయంకరంగా కనిపిస్తుంది. నిజానికి ఆ దుమ్ము వల్ల పోయే వెలుగు నూటికి కొద్ది పాళ్ళే. అద్దం మీది అల్యూమినియం పూత మందం సుమారు 100 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో పదివేలో వంతు. పొడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే దుమ్ము రేణువులే ఆ పూతను గీసేస్తాయి. తప్పనిసరిగా కడగాల్సి వస్తే అద్దాన్ని విప్పి, ముందు ధారగా నీళ్ళు వదలాలి. తర్వాత చుక్క మెత్తటి సబ్బునీరు కలిపి, తడిపిన దూదిని దాని బరువుతోనే లాగాలి, నొక్కకూడదు. చివర డిస్టిల్డ్ వాటరుతో కడిగి ఏటవాలుగా నిలబెట్టి ఆరనివ్వాలి. ఇది అరుదుగా చేయాల్సిన పని. కొన్నేళ్ళకు పూత పలచబడితే కొత్త పూత వేయించాలి. కొత్త పూత మీద పడిన వెలుగులో దాదాపు 88 శాతం తిరిగి వస్తుంది. న్యూటన్ తరహా టెలిస్కోపులో రెండు అద్దాలుంటాయి కాబట్టి కంటిదాకా వచ్చేది 77 శాతం చిల్లర. పూత పాతబడి ఒక్కో అద్దం 75 శాతానికి దిగిందనుకుంటే కంటికి చేరేది 56 శాతమే. కొత్త టెలిస్కోపు కావాలని గొడవపడే చాలా క్లబ్బులకు నిజానికి కావాల్సింది కొత్త పూత.

దుమ్ము కంటే తేమ ఎక్కువ హాని చేస్తుంది. రాత్రి చివర మంచు పట్టిన లెన్సుకు వెంటనే మూత బిగించి వెళ్ళిపోవడం చూసేవాళ్ళకు పద్ధతిగానే కనిపిస్తుంది. కానీ తేమ లోపలే చిక్కుకుని, గాలి ఆడని చీకట్లో బూజు పడుతుంది. అది వదిలే ఆమ్లం లెన్సు పూతను తినేస్తుంది, ఆ మచ్చ ఇక పోదు. ముందు ఆరాలి, తర్వాత మూత. ఐపీసులు, అంటే కన్ను పెట్టి చూసే చిన్న లెన్సులు, తేమను పీల్చే సిలికా జెల్ ఉన్న పెట్టెలోకి వెళ్ళాలి, ఆ జెల్ రంగు మారితే వేడిచేసి మళ్ళీ పెట్టాలి. ఉరుముల కాలంలో స్విచ్చు కట్టేస్తే సరిపోదు, ప్లగ్గులు పీకేయాలి. పిడుగు పక్కన పడినా పొడవాటి కేబుళ్ళ వెంట వచ్చే విద్యుత్తుకు మౌంటు బోర్డు కాలిపోతుంది. పగటిపూట కప్పు తెరిచి పనిచేసేటప్పుడు టెలిస్కోపుకూ, దాని మీద గురి చూడటానికి ఉండే చిన్న టెలిస్కోపు ఫైండరుకూ మూతలు ఉండి తీరాలి, ఎందుకంటే ఎండ నేరుగా పడిన అద్దం నిప్పు పుట్టిస్తుంది. సూర్యుణ్ణి చూపించే రోజు ఫిల్టరు గొట్టం ముందు భాగంలోనే ఉండాలి. ఐపీసుకు బిగించే పాతరకం నల్లగాజు వేడికి పగులుతుంది, పగిలిన క్షణంలో చూస్తున్నవాళ్ళ కన్ను పోతుంది. అలాంటివి క్లబ్బు బీరువాలో ఉంటే ఇవాళే పగలగొట్టి పారేయండి. ఈ ఒక్క విషయంలో చర్చ లేదు.

ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, వీటిలో ఏదీ మేధావులకే పరిమితమైన పని కాదు. అన్నీ చెబితే చేయగలిగినవే. చెప్పకపోతే మాత్రం ఎంత తెలివైనవాళ్ళకూ తోచవు. అందుకే వేధశాలలో అన్నిటికంటే విలువైన పరికరం లాగ్ పుస్తకమని నమ్ముతాను. ఎవరు తెరిచారు, ఆకాశం ఎలా ఉంది, ఏం చూశారు, ఏది సరిగా పనిచేయలేదు, ఎన్ని గంటలకు మూశారు, సంతకం. "కప్పు ఉత్తరం వైపు చక్రం కీచుమంటోంది" అని ఒకరు రాస్తే, నెల తర్వాత అది ఇరుక్కునే పరిస్థితి తప్పుతుంది. కాగితం పుస్తకమే కావాలి. ఫోను వెలుగు పడితే చీకటికి అలవాటు పడ్డ కన్ను మళ్ళీ తేరుకోవడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. తెరిచే వరస, మూసే వరస పెద్ద అక్షరాలతో గోడ మీద ఉండాలి, అదీ నల్ల సిరాతో. ఎర్ర సిరాతో రాసిన హెచ్చరికలు, చీకటి చూపు చెడకుండా వేధశాలలో వాడే ఎర్ర దీపం కింద మాయమైపోతాయి.

ఇప్పుడు అవతలి వాదన. కొత్తవాళ్ళ చేతికిస్తే ఖరీదైన సామాను పాడవుతుంది అంటారు మా పెద్ద సభ్యులు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కష్టపడి కూడబెట్టిన చందాలతో కొన్నది కదా. కానీ వాడకుండా ఉంచిన సామాను ఇంకా వేగంగా పాడవుతుంది. మౌంటులో గ్రీజు గట్టిపడుతుంది. చార్జింగు లేకుండా వదిలేసిన లెడ్ యాసిడ్ బ్యాటరీ పలకల మీద సల్ఫేటు పేరుకుని ఇక ఎక్కదు. మౌంటులో గడియారాన్ని నడిపే చిన్న బిళ్ళ బ్యాటరీ అయిపోయి తేదీ చెరిగిపోతుంది. ఆ తేదీని మళ్ళీ ఎక్కించేటప్పుడు నెల ముందా రోజు ముందా అన్నది తారుమారయితే, గురుడి కోసం తిప్పిన టెలిస్కోపు చెట్టు వైపు చూస్తుంది. సమయంలో ఒక్క గంట తేడా వచ్చినా ఆకాశంలో అది 15 డిగ్రీలు. వారం వారం తెరిచే చోట ఇలాంటివి వారంలోపే బయటపడతాయి. ఏడాదికోసారి సందర్శకుల కోసం తెరిచే చోట అన్నీ ఆ ఒక్క సాయంత్రమే, జనం వరసలో నిలబడి ఉండగా బయటపడతాయి.

అలాగని అడిగినవాళ్ళందరికీ తాళం చెవి ఇచ్చేయమనడం లేదు. కొత్త సభ్యుడు మొదట పక్కన నిలబడి చూస్తాడు. తర్వాత తాను చేస్తుంటే పాతవాళ్ళు పక్కన నోరు మెదపకుండా నిలబడతారు, ఈ మౌనమే నేర్పేవాళ్ళకు అన్నిటికంటే కష్టం. చివరికి పాతవాళ్ళు బయట కూర్చుంటారు, అతను లోపల ఒక్కడే తెరిచి మూస్తాడు. అది సాఫీగా జరిగితే చెవి అతనిది. ఇందుకు పున్నమికి అటూ ఇటూ ఉండే రాత్రులు మంచివి. వెన్నెల్లో మసక గెలాక్సీలు ఎలాగూ కనబడవు, తొందరపెట్టేవాళ్ళుండరు, మరమ్మతులూ అప్పుడే పెట్టుకోవచ్చు.

రెండో అభ్యంతరం ఆస్ట్రోఫొటోగ్రఫీ చేసేవాళ్ళది, అంటే ఆకాశాన్ని ఫొటోలు తీసేవాళ్ళది, ఇది మరింత గట్టిది. గైడ్ కెమెరా, ఫిల్టరు చక్రం, ఫోకసు మోటారు, వాటన్నిటికీ కేబుళ్ళు, కంప్యూటరు లేకుండా వాళ్ళ పని సాగదు. వేధశాలను ఎక్కువ రాత్రులు వాడేది కూడా వాళ్ళే. వాళ్ళను అడ్డుకునే క్లబ్బు తన కాళ్ళు తానే విరగ్గొట్టుకుంటుంది. నేను కోరేది ఒక్కటే. ప్రతి వేధశాలకూ ఒక మూలస్థితి ఉండాలి. కంప్యూటరు లేకుండా, ఐపీసు పెట్టి, చేతి రిమోటుతో ఎవరైనా చూడగలిగే స్థితి అది. కెమెరా సరంజామా అంతా ఒకే పలక మీద బిగించి, తెల్లవారేసరికి ఆ పలకను దించి, బరువులు మళ్ళీ తూకం చేసి వెళ్ళాలి. తూకం తప్పిన మౌంటులో దాన్ని తిప్పే మర చుట్ల పళ్ళ చక్రం (వర్మ్ గేరు) ఒకవైపే అరుగుతుంది, అది మార్చడం సులువు కాదు. ధ్రువ నక్షత్రానికి సరిచేసి పెట్టిన బోల్టుల మీద రంగుతో గీతలు గీసి ఉంచితే, ఎవరైనా కదిపారేమో గీతలు చూస్తే తెలిసిపోతుంది. దీనికి మా ఫొటోగ్రాఫర్లు మొదట విసుక్కున్నారు. కంప్యూటరు అప్‌డేటు అయి డ్రైవర్లు మొరాయించిన రాత్రి కూడా ఐపీసుతో చూసి వెళ్ళగలిగినప్పుడు ఆ విసుగు తగ్గింది.

అసలు మనుషులే వెళ్ళనక్కర్లేదు, అంతా ఆటోమేటిక్ చేద్దాం అనే మాట ఈమధ్య ఎక్కువగా వినిపిస్తోంది. మబ్బును పసిగట్టే సెన్సరు ఆకాశం నుంచి వచ్చే పరారుణ వేడిని కొలుస్తుంది, మబ్బు పట్టితే ఆకాశం వెచ్చగా కనబడుతుంది, వెంటనే కప్పు తానే మూసుకుంటుంది. మంచి సాంకేతికత, నిచ్చెన ఎక్కలేని సభ్యులకు గొప్ప వరం. కానీ ఆ సెన్సరునూ, మోటారునూ, నెట్ కనెక్షనునూ నిలబెట్టే మనిషి మళ్ళీ ఒక్కడే అవుతాడు. ఆటోమేషన్ వల్ల చూసేవాళ్ళు పెరుగుతారు, నడిపేవాళ్ళు తగ్గుతారు. అందుకే ఏది ఆటోమేటిక్ చేసినా దాని పక్కనే చేతితో తిప్పే హ్యాండిల్ ఉండాలని పట్టుబడతాను. కరెంటు పోయి వాన మొదలైన రాత్రి కప్పును మూసేది ఆ హ్యాండిలే.

స్థలం గురించీ ఇదే కొలత వర్తిస్తుంది. సహజమైన చీకటి ఆకాశం వెలుగు చదరపు ఆర్క్ సెకనుకు, అంటే ఆకాశంలో ఓ చాలా చిన్న ముక్కకు, 22 మాగ్నిట్యూడ్ల దగ్గర ఉంటుంది. మాగ్నిట్యూడ్ వెలుగును కొలిచే అంకె, అది పెరిగేకొద్దీ వెలుగు తక్కువని అర్థం. పెద్ద నగరంలో అది 18కి, అంతకంటే కిందికీ దిగజారుతుంది. ఆ నాలుగు మాగ్నిట్యూడ్ల తేడా అంటే ఆకాశం దాదాపు 40 రెట్లు ఎక్కువ వెలుగుతో ఉన్నట్టు. అందుకే ప్రతి క్లబ్బులోనూ వేధశాలను ఊరికి దూరంగా మార్చాలనే మాట వస్తుంది. వెళ్ళిరావడానికి రాత్రంతా పట్టే చోట వేధశాల కడితే అమావాస్య వారాంతాల్లో తప్ప తాళం తీయరు, అదీ మబ్బు లేకపోతే. నేనైతే ఊరి అంచున, పనిరోజు సాయంత్రం కూడా వెళ్ళిరాగల చోటే నయమంటాను. చంద్రుడు, గ్రహాలు, జంట నక్షత్రాలు, వెలుగు మారే నక్షత్రాలు ఇవేవీ వీధిదీపాలకు లొంగవు. నీహారికలకు హైడ్రోజన్ వాయువు వెదజల్లే 656.3 నానోమీటర్ల ఎర్ర వెలుగును మాత్రమే వదిలే ఫిల్టర్లున్నాయి. గెలాక్సీలు చూడాలంటే మాత్రం చీకటికి వెళ్ళాల్సిందే. దానికి మోసుకెళ్ళే టెలిస్కోపులు క్లబ్బు దగ్గర ఉంటే చాలు.

ఎక్కువ రాత్రులు తెరిచి ఉండటం వల్ల ఏమొస్తుందని అడిగితే విక్తర్ బూసో సంగతి చెబుతాను. అర్జెంటీనాలోని రొసారియోలో ఉండే ఈ ఔత్సాహికుడు 2016 సెప్టెంబరు 20 రాత్రి తన 40 సెంటీమీటర్ల టెలిస్కోపుకు బిగించిన కొత్త కెమెరాను పరీక్షిస్తూ ఎన్‌జీసీ 613 అనే గెలాక్సీని వరసగా ఫొటోలు తీశారు. ఆ ఫొటోల్లోనే ఒక నక్షత్రం పేలడం మొదలైంది. పేలుడు తాకిడి నక్షత్రం ఉపరితలానికి చేరిన తొలి వెలుగు అలా దొరికింది, 2018లో నేచర్ పత్రికలో వచ్చింది. వేధశాల ఊరి మధ్యలో ఇంటి మీదే ఉంది. నగరపు ఆకాశం, మామూలు పరిమాణం, పరీక్ష కోసం తెరిచిన రాత్రి. అంత అదృష్టం అందరికీ పట్టదు. కానీ ఓపికతో అందరికీ దక్కే పని ఒకటుంది. 1911 నుంచి అమెరికాలోని ఏఏవీఎస్ఓ సంస్థ వెలుగు మారే నక్షత్రాల పరిశీలనలను ప్రపంచమంతటా ఔత్సాహికుల నుంచి సేకరిస్తోంది. 2019 చివర ఆర్ద్ర నక్షత్రం మసకబారి, 2020 ఫిబ్రవరిలో సుమారు 1.6 మాగ్నిట్యూడుకు దిగినప్పుడు, అది ఎంత అసాధారణమో వెంటనే తేల్చి చెప్పగలిగారంటే దశాబ్దాలుగా జనం రాసిపెట్టిన అంకెలు ఉండబట్టే. ఆ అంకెల వరసలో సందులు పడకూడదు. ఒక్కరే నడిపే వేధశాలలో సందులు తప్పవు, ఆ ఒక్కరికీ జ్వరం వస్తుంది కదా.

అందుకే వచ్చే సర్వసభ్య సమావేశంలో నేను రెండు ప్రతిపాదనలు పెడుతున్నాను. మొదటిది, ప్రతి పనికీ ఇద్దరి పేర్లు: కప్పుకు ఇద్దరు, అద్దాలకు ఇద్దరు, బ్యాటరీలకు ఇద్దరు, లాగ్ పుస్తకానికి ఇద్దరు. వాళ్ళలో ఒకరు తప్పనిసరిగా గత ఏడాదిలో చేరినవాళ్ళై ఉండాలి. రెండోది, ఎనిమిది అంగుళాల టెలిస్కోపు తీసేసి పద్నాలుగు అంగుళాలది కొనాలన్న ప్రతిపాదనకు ఒక షరతు. వెలుగు మూడు రెట్లు ఎక్కువ వస్తుందన్నది నిజమే, దాదాపు 1.2 మాగ్నిట్యూడ్ల లోతు పెరుగుతుంది. కానీ ఆ మందపాటి అద్దం బయటి చలికి సర్దుకోవడానికి ఇంకా ఎక్కువ సేపు పడుతుంది, విప్పడానికి ఇద్దరు కావాలి, మౌంటూ మార్చాలి. ఉన్నదాన్ని ఒంటరిగా తెరిచి మూయగలిగిన సభ్యులు పదిమంది అయ్యాక కొందాం. ఆ సంఖ్య చేరేలోగా పాత అద్దానికి కొత్త పూత వేయిద్దాం.